ఏ పేరుతో పిలిచినా లేచేవాళ్ళు

ఆయన కార్డు నంబరు కొట్టి, తెర మీద వచ్చిన పేరు చదివి, అలవాటుగా "మీరేనా?" అని అడిగాను. కౌంటరుకు అవతల నిలబడ్డ మనిషి చేతులు కట్టుకుని, "నేనే మేడం" అన్నాడు. అప్పుడు పేరు పక్కనున్న గడి మీద నా చూపు పడింది. స్త్రీ. వయసు మూడేళ్ళు.

ముందు నవ్వొచ్చింది. ఆ మనిషి మీసం నెరిసిపోయి ఉంది. చొక్కా చేతుల మీద సిమెంటు ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. పేరు మళ్ళీ పెద్దగా చదివి వినిపించాను. అది ఒక ఒమానీ పసిపిల్ల పేరు. "జీ మేడం, నేనే" అన్నాడాయన ఇంకాస్త గట్టిగా, నాకు కోపమొచ్చిందేమోనని భయపడి.

ఆ రెండోసారి 'నేనే' విన్నప్పుడు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. పొద్దున డ్యూటీ మొదలైనప్పటి నుంచి నేను పేర్లు చదువుతూనే ఉన్నాను, ఎదుటివాళ్ళు అవునంటూనే ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది ఇలా అన్నారో?

అప్పట్లో మేము ఒమాన్‌లోని సూర్‌లో ఉండేవాళ్ళం. ఊరికి కొంత దూరంలో గ్యాసు ప్లాంటు కడుతున్న రోజులు. మా ఆయన సైట్‌లో ఉండి వారాంతానికి ఇంటికొచ్చేవారు. నేను పిల్లలిద్దరినీ చూసుకుంటూ, కంపెనీలతో కాంట్రాక్టు ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌లో కంప్యూటరు పని చేసేదాన్ని. కార్డు నంబరు కొడితే రోగి పేరు, కంపెనీ, పాత జబ్బులు, పడని మందులు తెర మీదికొస్తాయి. అదే తెర డాక్టరుగారి గదిలోనూ కనిపిస్తుంది. ఆయన దాన్ని చూసి మందు రాస్తారు.

క్యాంపుల నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళు. పాస్‌పోర్టులో వాళ్ళ ఇంటిపేరు ముందుంటుంది. కొందరికి తండ్రి పేరే అసలు పేరైపోతుంది. విమానాశ్రయంలో ఒకరకంగా, కంపెనీలో ఇంకోరకంగా, ఫోర్‌మన్ నోట మరోరకంగా పిలిపించుకుని, చివరికి తమ వైపు చూసి ఎవరు ఏ పేరు పలికినా లేచి నిలబడటం అలవాటు చేసుకున్నారు. కాదంటే పని ఆగిపోతుంది. ఆ పొద్దు వరకు నాకు దానిలో ప్రమాదం కనిపించలేదు.

నా దగ్గరున్న కార్డుల్లో ఇంకోటి కొట్టి చూశాను. ఫిలిప్పీన్స్ నర్సు కార్డుకు ఒక పాకిస్తానీ డ్రైవరు వచ్చాడు. నా సొంత కార్డు కొట్టాను. నేనే వచ్చాను. ఇంకోటి కొట్టాను. తప్పు. కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. అన్నీ తప్పయినా కొంత నయంగా ఉండేది.

నెరిసిన మీసం ఆయన్ని బెంచీ మీద కూర్చోమని చెప్పి డాక్టరుగారి గదిలోకి పరిగెత్తాను. ఆయనది నెల్లూరు. నన్ను అమ్మాయ్ అనే పిలిచేవారు.

"పొద్దున్నుంచి నేను చూసింది ఒకరి జబ్బులైతే, మందు రాసింది ఇంకొకరికా?" అన్నారు నేను చెప్పిందంతా విని.

"అందరికీ కాదు సార్. ఎవరికో తెలీదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మాయ్, పోయిన నెల ఇంజక్షన్ గదిలో ఒకడు పడిపోయినాడు చూడు. పెన్సిలిన్ పడక. గుర్తు పెట్టమని చెప్తినే నీకు."

"పెట్టాను సార్. ఎర్ర అక్షరాల్లో."

"పొద్దున ఎర్ర అక్షరాలు నాకెక్కడా కనపళ్ళా." గొంతు తగ్గించి అన్నారు. "ఒకడు సూదొద్దు సార్, సూది నాకు పడదు అన్నాడు. ఆ మాట పొద్దున్నే నలుగురైదుగురన్నారులే. సూదంటే భయమేమో అనుకుని కాప్సూల్సు రాస్తి. అదీ ఆ మందే."

పడిపోయినతనికి 'సూది పడదు' అని మాత్రమే అర్థమై ఉంటుంది. సూదిలో ఉన్న మందు పడదని ఎవరూ విడమరచి చెప్పి ఉండరు. అతను చెప్పవలసిన మాట చెప్పాడు. మా తెర మాత్రం ఏమీ లేదంది.

"ముఖం గుర్తుందా సార్?"

"నేల మీద పడ్డోడి నాడి చూస్తాం గానీ ముఖం చూస్తామా? నీకో?"

నాకూ లేదు. మందుల గదిలోంచి పొద్దుటి చీటీలు తెచ్చాం. కాప్సూల్సు ఇచ్చిన చీటీలు గుప్పెడున్నాయి. వాటి మీద ఉన్నది కార్డు నంబరు, పక్కన కంప్యూటరు అచ్చేసిన పేరు. ఆ పేరు నిజమో కాదో తెలియదు. ఆ పొద్దున వచ్చిన బస్సులు ఒక కంపెనీవి కావు. క్యాంపులు సముద్రం పొడవునా విసిరేసినట్టున్నాయి. సగం క్యాంపులకు ఫోను లేదు. డాక్టరుగారు డ్రైవరును దగ్గరలోని క్యాంపుకు పంపి, కాప్సూల్సు తీసుకున్నవాళ్ళెవరూ వేసుకోవద్దని చెప్పమన్నారు. అన్ని క్యాంపులూ తిరిగేసరికి పొద్దుగూకుతుంది. మందు భోజనం తరువాత వేసుకోమని చెప్పాం. భోజనం వేళ అప్పటికే అయింది.

"నీ కంప్యూటరు ఏమైనా చెప్తుందేమో చూడమ్మాయ్. నేను ఫోన్లున్న చోట్లకి చేస్తా" అన్నారు ఆయన.

మా ప్రోగ్రాము రాసినతను ఎప్పుడో దేశం వదిలి వెళ్ళిపోయాడు. అతను పెట్టిపోయిన మెనూలో 'రీఇండెక్స్' అని ఒకటుంది. ఇండెక్స్ అంటే అసలు వివరాలు కావు. ఫలానా నంబరు మనిషి పెద్ద పట్టికలో ఎన్నో వరుసలో ఉన్నాడో చెప్పే చిన్న సూచిక. వివరాలున్న ఫైలు వేరు, ఈ సూచిక ఫైలు వేరు. సూచిక చెడిందని నాకు తోచింది. రీఇండెక్స్ నొక్కాను. గుండ్రంగా ఏదో తిరిగింది, ఆగింది. నా కార్డు కొట్టాను. 'రికార్డు లేదు' అంది. ఇంకోటి. లేదు. అంతకుముందు సగమైనా నిజం చెప్పిన యంత్రం ఇప్పుడు ఎవరూ లేరంటోంది.

ఉన్న కాస్త ఆధారాన్నీ నా చేత్తో తుడిచేశాననుకున్నాను. ఏసీ నుంచి నీళ్ళు బకెట్టులో పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఎక్కడో రేకుల గదిలో ఒక మనిషి అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, జేబులోంచి పట్టీ తీస్తున్నట్టు కళ్ళ ముందు కనిపిస్తోంది. అతనికి ముఖం లేదు. ముఖం లేకపోవడం వల్లే మా ఆయనలా, మా తమ్ముడిలా, ఒక్కోసారి ఒక్కొక్కరిలా కనిపిస్తున్నాడు.

అప్పుడే స్కూలు వ్యాను పిల్లల్ని దింపి వెళ్ళింది. "అమ్మా, ఆకలి" అంటూ చంటాడు వచ్చి నా చీర పట్టుకున్నాడు. పెద్దది రెండో తరగతి. నా ముఖం చూసి తమ్ముణ్ణి లాక్కెళ్ళి బెంచీ మీద ఆ నెరిసిన మీసం ఆయన పక్కన కూర్చోబెట్టుకుంది.

నాకు రువీ పేట గుర్తొచ్చింది. మస్కట్‌లో ఉన్నప్పుడు డేటాబేసుల మీద పనిచేసేవాళ్ళ గుంపు ఒకటి ఉండేది. శుక్రవారాలు రువీలో ఒకరి ఫ్లాటులో కలిసేవాళ్ళం. మగవాళ్ళు ఫ్లాపీలు తెచ్చేవాళ్ళు, ఎవరో ఒకరు బిర్యానీ తెచ్చేవాళ్ళు. తెలుగువాళ్ళు, మలయాళీలు, మేమంతా చాచా అని పిలిచే కరాచీ పెద్దాయన, ఆడవాళ్ళలో నేనూ ఇంకో తమిళావిడా. ఒకరి ప్రోగ్రాము చెడితే అందరూ తల దూర్చేవాళ్ళు. సూర్‌కు వచ్చాక అటు వెళ్ళడమే కుదరలేదు. ఆ ఫ్లాటు నేను అన్నయ్యా అని పిలిచే గోదావరి జిల్లా ఆయనది. ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను.

"ఏవండోయ్ చెల్లెమ్మగారూ! సూర్ వెళ్ళి చేపల కూరలో పడి మమ్మల్ని మర్చిపోయారనుకున్నామండి" అన్నాడాయన.

"అన్నయ్యా, ఒక మనిషి చచ్చిపోతాడేమో" అన్నాను. ఇంకేం మాట రాలేదు.

ఆయన గొంతులో నవ్వు పోయింది. "ముందు చేతులు ఒళ్ళో పెట్టుకోండి." అది మా గుంపు నియమం. ఎవరి యంత్రం చెడినా, మాట్లాడటం పూర్తయ్యేదాకా కీబోర్డు ముట్టకూడదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని జరిగింది చెప్పాను.

"రీఇండెక్స్ కొట్టేశారా?"

"కొట్టేశాను."

"అయ్యో రామ. కంగారేం లేదండి. నాకు తెలిసినంతలో అసలు ఫైలుకేం కాదు. కానీ నా మాట మీద ఉండొద్దు. మా ఆఫీసులోనే పై అంతస్తులో ఉన్న చాచాని అడుగుతాను. మీరు ఫోను పెట్టేసి అక్కడే ఉండండి. దేన్నీ ముట్టకండి."

ఫోను పెట్టేశాను. ఆ ఎదురుచూపు అంత ఘోరం ఇంకోటి నేనెరగను. లోపల డాక్టరుగారు వచ్చీరాని అరబ్బీలో ఎవరినో బతిమాలుతున్నారు. బెంచీ మీద మా అమ్మాయి ఆ పెద్దాయనకు స్కూలు కబుర్లు చెబుతోంది.

"మా మిస్ నన్ను రోజూ వేరే అమ్మాయి పేరుతో పిలుస్తుంది తెలుసా? నేను ఎస్ మిస్ అంటాను."

"మంచిగ జేస్తున్నవ్ బిడ్డా" అన్నాడాయన. "పెద్దోళ్ళకు ఎదురు జెప్పొద్దు. వాళ్ళకు కోపమొస్తది."

లేచి వెళ్ళి ఏదో అనబోయాను. అంతలో ఫోను మోగింది.

కరాచీ పెద్దాయన. పలకరింపులేమీ లేవు. "బేటీ, గురువారం సాయంత్రం ఆ కంప్యూటరు ఏం చేస్తూ ఉండింది?" అని అడిగాడు ఉర్దూలో.

గుర్తు చేసుకుని చెప్పాను. గురువారం మూసేముందు, కంపెనీలు మారి వెళ్ళిపోయినవాళ్ళ రికార్డులు తీసేసే పని మెనూలోంచి పెట్టాం. అది నడుస్తుండగా కరెంటు పోయింది. ఆ వేసవిలో ఏసీల భారానికి అలా పోతూనే ఉండేది. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున యంత్రం మామూలుగానే తెరుచుకుంది.

"అదే" అన్నాడు చాచా. "రైల్లో పెట్టె మార్చారు, చార్టు పాతదే అంటించి ఉంది. మధ్యలో వరుసలు పోయాయి, తరువాతివాళ్ళంతా ముందుకు జరిగారు. ఇండెక్స్‌కు ఆ సంగతి తెలియదు. దాని తల, అంటే దాన్ని ఎలా కట్టాలో రాసి ఉండే మొదటి భాగం, అది కూడా చెడింది. నువ్వు రీఇండెక్స్ అంటే, ఆ చెడిన తలనే చదివి మళ్ళీ కట్టింది."

"అయితే దాన్ని తీసేసి కొత్తది చెయ్యనా?"

"మత్ కరో!" అని, వద్దే వద్దని కేక వేశాడు. "ఇండెక్స్ తరువాత. ముందు మనిషి. మెనూలోంచి బయటికి రా. ఇండెక్స్ ఏదీ లేకుండా ఒట్టి పట్టికను తెరువు. ఏ నంబరూ అడగొద్దు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒక్కొక్కటీ చూసి, ఎర్ర గుర్తున్నవాళ్ళని చూపించమను. ఆలస్యమవుతుంది. కానీ అబద్ధం చెప్పదు."

ఆదేశం రెండుసార్లు తప్పు కొట్టాను. చాచా ఫోనులో ఒక్కో అక్షరం చెబుతూనే ఉన్నాడు. పట్టిక తెరుచుకుంది. వెతకడం మొదలైంది. తెర మీద ఏమీ కదలదు. ఆ ఖాళీ తెరనే చూస్తూ, చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన దండకం సగంలో మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. "హౌస్లా రఖో, బేటీ" అంటున్నాడు చాచా. ధైర్యం తెచ్చుకొమ్మంటున్నాడు. ఆయన వెనక ఎవరో మలయాళీ గొంతు "కిట్టియో? కిట్టియో?" అని, దొరికిందా అని అడుగుతోంది. వాళ్ళ ఆఫీసులో జనం ఫోను చుట్టూ పోగయ్యారన్నమాట.

ఒక పేరు వచ్చింది. సీఫుడ్ పడని ఒక ఒమానీ ఆవిడ. ఇంకొకటి. తరువాత, నేనే కొట్టిన మాటలు, నేనే చేసిన అక్షరదోషంతో సహా వచ్చాయి. పెన్సిలిన్ పడదు. పేరు, కార్డు నంబరు, కంపెనీ, క్యాంపు.

చీటీలు ఒక్కొక్కటే తిప్పాను. నంబరు దొరికింది. పొద్దుటి చీటీ. కాలికి మేకు గుచ్చుకున్న గాయం. కాప్సూల్సు, భోజనం తరువాత. పక్కన అచ్చయిన పేరు వేరే ఎవరిదో.

"సార్, దొరికాడు!" అని అరిచాను. మా చంటాడు హడలి ఏడుపు మొదలుపెట్టాడు.

ఆ క్యాంపుకు ఫోనుంది. అంతకుముందు డాక్టరుగారు చేస్తే ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. చాచాను లైన్లోనే ఉంచి, డాక్టరుగారి గదిలోని ఫోను నుంచి మళ్ళీ చేశాను. చివరికి ఒకతను ఎత్తాడు. వంటవాడట.

"ఎవలు గావాలె?"

పేరు చెప్పాను.

"గా పేరుతోని ఈడ ఎవ్వలు లేరు మేడం."

"ఉన్నారు. మీ కంపెనీయే, మీ క్యాంపే."

"పాస్‌పోర్టుల పేరు జెప్తున్నరేమో. మాకాడ ఆ పేర్లు పాస్‌పోర్టులనే ఉంటయ్ మేడం, బయటికి రావు" అని నవ్వాడు.

"పొద్దున కాలికి కట్టు కట్టించుకుని వచ్చినతను. రెస్ట్ ఇచ్చాం. ఉన్నాడా? బతికే ఉన్నాడా?"

నవ్వు ఆగిపోయింది. "జగిత్యాలోడా? అరే, ఉన్నడు, రూమ్‌ల పండిండు. ఏమైంది మేడం?"

"లేపండి. వెంటనే."

అతను రిసీవరు పక్కన పెట్టి వెళ్ళాడు. పండుకుని ఉన్నాడనే మాట నా చెవిలో గిర్రున తిరుగుతోంది. పండుకుని ఉన్నాడో, పడిపోయి ఉన్నాడో. అడుగుల చప్పుడు వినిపించడానికి ఒక జన్మ పట్టింది. తరువాత నిద్రమత్తు గొంతు.

"నమస్తే మేడం."

"కాప్సూల్ వేసుకున్నారా?"

"లేదు మేడం." తప్పు చేసి దొరికినట్టు గొంతు తగ్గించాడు. "ఇయ్యాల శనివారం గద మేడం. ఒక్కపొద్దున్న. పొద్దుమూకినంకనే తింట. తిన్నంక ఏస్కోమన్నరని తియ్యలే. తప్పయిందా?"

డాక్టరుగారు రిసీవరు తీసుకున్నారు. "నాయనా, నీకు పడనిది సూది కాదు, మందు. ఆ మందు ముట్టుకోవాకు. విన్నావా?"

అవతల నుంచి అతనేదో అడిగాడు. డాక్టరుగారు తల పట్టుకుని నవ్వారు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళున్నాయి. "వద్దు నాయనా, నీ దోస్తుకీ ఇవ్వొద్దు. ఎవ్వరికీ ఇవ్వొద్దు. మా డ్రైవరొచ్చి తీసుకుంటాడు."

డ్రైవరు మిగతా క్యాంపులన్నీ తిరిగి కాప్సూల్సు వెనక్కి తెచ్చాడు. తప్పు తెరతో మందు రాసిన మిగతావాళ్ళకు మర్నాడు మళ్ళీ చూపించుకోమని చెప్పించాం. చాచా ఫోను పెట్టలేదు. పాత ఇండెక్స్ ఫైలును వేరేచోటికి నెట్టించి, కార్డు నంబరు మీద కొత్త ఇండెక్స్ కట్టించాడు. అప్పుడు మాత్రం తెర చకచకా కదిలింది. మొదట మా అమ్మాయి కార్డు కొట్టాను. మా అమ్మాయే వచ్చింది. తరువాత అబ్బాయిది. ఆ తరువాత పొద్దుటి చీటీలన్నీ. "షాబాష్" అన్నాడు చాచా. వెనక నుంచి గోదావరి అన్నయ్య కేక వేశాడు. "చెల్లెమ్మగారూ, ఈసారి శుక్రవారం బిర్యానీ మీదేనండి!" నేను ఏడుస్తూ సరేనన్నాను.

తల ఎత్తి చూస్తే నెరిసిన మీసం ఆయన ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన అడగలేదు, లేవలేదు. మా చంటాడు ఆయన ఒళ్ళో తల పెట్టి నిద్రపోతున్నాడు. దగ్గు మందు కోసం వచ్చిన మనిషి.

ఆయన కార్డు కొట్టాను. ఈసారి ఆయన వయసే, ఆయన కంపెనీయే. పేరు చదవబోయి ఆగిపోయాను.

"మీ పేరు మీరే చెప్పండి" అన్నాను.

ఆయన తడబడ్డాడు. "కార్డుల ఉన్నది గద మేడం."

"ఉంది. మీ నోటితో చెప్పండి."

"ఇంటికాడిదా మేడం, పాస్‌పోర్టుదా?" అని అడిగాడు.

రెండూ చెప్పించుకున్నాను. పాస్‌పోర్టుది తెర మీదున్న పేరే. అయినా నాకు ధైర్యం చాలక ఇంకోసారి, "ఇది మీరేనా?" అన్నాను. "నేనే మేడం" అన్నాడు. పొద్దున మూడేళ్ళ పాప పేరుకు ఏ గొంతుతో చెప్పాడో అదే గొంతుతో చెప్పాడు. నేను చెవులు రిక్కించి విన్నాను. తేడా ఏమీ లేదు.

ఇన్నేళ్ళ తరువాత ఇది రాసుకుంటూ ఉంటే ఆ గొంతే వినిపిస్తోంది. ఆ రాత్రి కూడా అదే విన్నాను. నిద్రపోతున్న పిల్లలిద్దరినీ మాటిమాటికీ తాకి చూసుకున్నాను.

మర్నాడు పొద్దున స్కూలు వ్యాను హారను కొడుతుంటే, బూట్లు వేసుకుంటున్న ఇద్దరినీ గుమ్మంలోనే ఆపాను.

"మిస్ వేరే పేరుతో పిలిస్తే ఎస్ మిస్ అనొద్దు. నేను కాదు మిస్ అని చెప్పాలి" అన్నాను పెద్దదానితో.

"కోప్పడితే?"

"కోప్పడనీ. రోజూ పిలిస్తే రోజూ చెప్పు. స్కూల్లోనైనా ఆసుపత్రిలోనైనా, ఎవరు అడిగినా సరే. నీది కాని పేరుకు లేవకు."

చంటాడు అక్కనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మరి నువ్వు నన్ను బుజ్జిగాడూ అంటావుగా? దానికీ లేవొద్దా?"

వాడి బూటు లేసు ముడి వేస్తూ, "దానికి లే నాన్నా" అన్నాను. "కానీ ముందు నా ముఖం చూసి, నేనేనా కాదా చూసుకుని లే."